ఒకే కొలతకు గీసిన కణాలు: ఎనిమిదో తరగతి ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి ఆఖరు

సైన్స్ దినోత్సవానికి పిల్లలు చేసిన థర్మోకోల్ మోడళ్లు బాగానే వచ్చాయి. ఎడమ అట్ట మీద ప్రొకారియోటిక్ (కేంద్రకపూర్వ) కణం, అంటే బాక్టీరియాలాంటి కేంద్రకం లేనిది. కుడి అట్ట మీద యూకారియోటిక్ (నిజకేంద్రక) కణం, అంటే మనలోలాంటి కేంద్రకం ఉన్నది. రంగులు, బాణాలు, పేర్లు అన్నీ సరిగ్గా ఉన్నాయి. నౌపడ వైపు ఉప్పు మడి చేసుకునే పెద్దాయన ఒకరు మనవరాలి కోసం వచ్చి, వాటి ముందు కాసేపు నిలబడి "ఈ రెండిట్లో ఏది పెద్దదమ్మా?" అని అడిగారు. ఆ పిల్ల రెండు అట్టలూ మార్చి మార్చి చూసి "రెండూ ఒకటేనండి" అంది. మోడల్‌ని బట్టి చూస్తే అది సరైన జవాబే.

ఏ పుస్తకం తెరిచినా ఈ రెండు కణాలూ పక్కపక్కనే, ఒకే ఎత్తున ఉంటాయి. కింద పట్టికలో 1-10 మైక్రోమీటర్లు, 5-100 మైక్రోమీటర్లు అని ఒక వరుస ఉంటుంది గానీ, దాన్ని పరీక్ష కోసం బట్టీ పడతారు తప్ప బొమ్మతో కలిపి చూసేవాళ్లు తక్కువ. మిగతా పట్టికంతా కుడివైపు ఉంది, ఎడమవైపు లేదు. కేంద్రకం ఉంది, లేదు. మైటోకాండ్రియా ఉంది, లేదు. గాల్జీ ఉంది, లేదు. ఇలా చదివితే బాక్టీరియా ఏదో సగంలో ఆపేసిన కణంలా అనిపిస్తుంది. కనీసం 350 కోట్ల ఏళ్లుగా భూమ్మీద బతుకుతున్నవాటి గురించి అలా అనుకోవడం అన్యాయం.

అందుకని ప్రాజెక్టు ఇది. మన ఊళ్లో దొరికే కణాలనే మైక్రోస్కోపులో చూడాలి, కొలవాలి, అన్నిటినీ ఒకే కొలతకు గీయాలి. ఒక మైక్రోమీటరుకి ఒక సెంటీమీటరు, అంటే పదివేల రెట్లు. కాగితం చాలదు కాబట్టి ఎనిమిదో తరగతి ముందున్న సిమెంటు వరండా మీద సుద్దముక్కలతో గీస్తాం. మాది టెక్కలి దగ్గర హైస్కూలు, వరండాలకు లోటు లేదు.

మార్చి మొదటి వారం

మైక్రోస్కోపు బీరువాలోంచి తీశాం. సముద్రపు గాలికి కటకాల మీద బూజు సన్నటి పోగులు పోగులుగా పట్టింది. బూజు కూడా నిజకేంద్రక జీవే కాబట్టి మేం చూసిన మొదటి యూకారియోట్ అదే అనుకోవాలి. కంటి దగ్గరి కటకాన్ని విప్పి, మెత్తటి నూలుగుడ్డకి కాస్త స్పిరిట్ అద్ది తుడిస్తే చాలావరకు పోయింది. 10 రెట్ల, 45 రెట్ల ఆబ్జెక్టివులు (స్లైడు వైపు ఉండే కటకాలు) ఉన్నాయి. నూనె చుక్క వేసి చూసే 100 రెట్లది లేదు. కంటి కటకం 10 రెట్లు గనక మా గరిష్ఠం 450 రెట్లు. ఒక మైక్రోమీటరు బాక్టీరియా అందులో అర మిల్లీమీటరు కన్నా చిన్నగా కనిపిస్తుంది. చుక్క కనిపిస్తుంది, లోపల ఏముందో కనిపించదు. ఆశలు అంతవరకే పెట్టుకోమని ముందే చెప్పాను.

కొలవడం ఎలా? మైక్రోమీటరు స్లైడు కొనే స్తోమత లేదు. ప్లాస్టిక్ స్కేలునే వేదిక మీద పెట్టి 10 రెట్ల ఆబ్జెక్టివులో చూశాం. గుండ్రటి వెలుతురులో ఈ చివర నుంచి ఆ చివరకి సుమారు 1.8 మిల్లీమీటర్లు పట్టింది. 45 రెట్లకి మారిస్తే ఆ వెడల్పు నాలుగున్నర వంతులు తగ్గుతుంది. అంటే 0.4 మిల్లీమీటర్లు, 400 మైక్రోమీటర్లు. ఇక ఏ కణమైనా ఆ వెలుతురు అడ్డంగా ఎన్ని పడతాయో లెక్కపెట్టి, 400ని అంతతో భాగిస్తే సైజు వచ్చేస్తుంది. లెక్కల మాస్టారికి ఈ పద్ధతి తెగ నచ్చి, తన క్లాసులో కూడా చేయించారు.

ఉల్లిపొర గురించి ఎక్కువ రాయను, అందరూ చేసేదే. సాఫ్రనిన్ చుక్క వేస్తే కేంద్రకం ఎర్రగా తేలింది. ఒక్కో కణం 300 మైక్రోమీటర్ల దాకా ఉంది.

అదే వారం, బుగ్గ కణాలు

ఎవరి టూత్‌పిక్ వాళ్లది. మొద్దు చివరతో బుగ్గ లోపల మెల్లగా గీకి, చిటికెడు ఉప్పు వేసిన నీటిచుక్కలో రుద్ది, మిథిలీన్ బ్లూ ఒక చుక్క. కవర్ స్లిప్పు వేసి, అంచున బ్లాటింగ్ కాగితంతో మిగులు రంగు లాగేయాలి. వాడిన పుల్లలన్నీ బ్లీచింగ్ నీళ్ల డబ్బాలోకి.

లేత నీలం రంగులో పల్చటి, అంచులు మడతపడ్డ కణాలు. ఒక్కోదాని నడుమ ముదురు నీలంగా కేంద్రకం. వెలుతురు అడ్డంగా ఏడు పట్టాయి, అంటే ఒక్కోటీ అరవైకి కాస్త తక్కువ. ఇంతవరకు అనుకున్నట్టే ఉంది. స్లైడు చేసిన అబ్బాయి మాత్రం మొహం చిన్నబుచ్చుకుని "దుమ్ము పడిపోనాది మాస్టారూ, ఇంకోటి సేస్తాను" అన్నాడు. వద్దన్నాను. కణం మీద, ముఖ్యంగా అంచుల దగ్గర, ముదురు నీలం చుక్కలు ఉన్నాయి. దుమ్ముకి ఒక సైజంటూ ఉండదు. ఇవన్నీ ఒకే సైజు, కొన్ని జంటలుగా, కొన్ని నాలుగైదు వరుసగా ఉన్నాయి. ఫోకస్ మర మెల్లగా తిప్పితే అన్నీ ఒకేసారి తేటపడుతున్నాయి, అంటే కణానికి అంటుకునే ఉన్నాయి. వాడి నోటి బాక్టీరియా అవి. ఒక్క స్లైడులో రెండు రకాలూ దొరికేశాయి. కేంద్రకం ఒక్కటే ఆ చుక్కలకి ఏడెనిమిది రెట్లు అడ్డం ఉంది.

డెల్ఫ్ట్ పట్నంలో బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తన పళ్ల పాచిలో ఇలాంటి జీవులనే చూసి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాసింది 1683లో. కేంద్రకానికి రాబర్ట్ బ్రౌన్ ఆ పేరు పెట్టింది 1831లో. కేంద్రకం లేకపోవడమే అసలు విభజన రేఖ అని ఎడ్వర్డ్ షాటన్ పదాలు తయారు చేసింది 1925 ప్రాంతంలో, ఆ ఆలోచనని స్టేనియర్, వాన్ నీల్ గట్టిగా నిలబెట్టింది 1962లో. చుక్కలు చూడటానికీ వాటి లోపల ఏం లేదో తేల్చుకోవడానికీ మధ్య దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చాక గానీ ఆ మాట ధైర్యంగా అనలేకపోయారు. చుక్క లోపల ఏమీ కనిపించడం లేదని పిల్లలు సణుగుతుంటే ఈ సంగతే చెప్పాను.

ఒంటిపూట బడులు మొదలయ్యాక

మధ్యాహ్నం భోజనం అయ్యాక ఉండేవాళ్లు ఉండొచ్చన్నాను. సగం మంది ఉండిపోయారు. ఎండకి ఇంటికి నడవడం కన్నా ల్యాబు నయమని కొందరి లెక్క.

ఈసారి తరవాణి. గంజి, బియ్యం కడుగునీళ్లు కుండలో పులియబెట్టేది. ఇప్పుడు చాలా ఇళ్లలో మానేశారు గానీ ఒకమ్మాయి వాళ్ల మామ్మ ఇంకా కుండ పెడుతోంది. స్టీలు గ్లాసుతో తెచ్చింది, "తాగడానిక్కాదంటే మా మామ్మ ఇవ్వనన్నాది, అబద్ధమాడి తెచ్చాను" అని చెప్పింది కూడా.

ఒక చుక్క స్లైడు మీద పల్చగా పరిచి ఆరనిచ్చి, స్పిరిట్ దీపం మంట పైనుంచి రెండుమూడుసార్లు చప్పున లాగాం. అలా చేస్తే కడిగినా ఊడిపోవు. రంగు కోసం మందుల షాపులో దొరికే జెన్షన్ వయొలెట్. పుండ్లకి పూసే ఆ ఊదా మందులో ఉండేది ప్రధానంగా క్రిస్టల్ వయొలెట్టే. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బాక్టీరియాని రెండు జట్లుగా విడగొట్టిన పద్ధతిలో ఈ జాతి ఊదా రంగే మొదట వేసేది. నిమిషం ఉంచి నీళ్లతో కడిగాం.

కోలగా, ఊదా రంగులో పెద్దవి కొన్ని. కొన్నిటికి పక్కన బుడిపె ఉంది. అవి ఈస్ట్‌లు, మొగ్గ తొడుగుతున్నాయి. వాటి చుట్టూ చెప్పలేనన్ని సన్నటి కడ్డీలు, ఒకదాని కొసకి ఇంకోటి తగులుకుని. పాలల్లో, గంజిలో పులుపు తెచ్చే లాక్టిక్ ఆమ్లపు బాక్టీరియా ఇలాగే ఉంటాయి. ఈస్ట్ 6 మైక్రోమీటర్లు వచ్చింది, కడ్డీ వెడల్పు ఒకటి కూడా లేదు.

ఒక సంగతి ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఈస్ట్‌కి కేంద్రకం ఉంది గానీ మా మైక్రోస్కోపులో కనిపించలేదు. రంగు అంతటా ఒకేలా పట్టింది. పట్టికలో మొదటి వరుస, అందరూ ముందుగా చెప్పే తేడా, ఈ స్లైడు మీద ఎందుకూ పనికిరాలేదు. సైజుని బట్టి, మొగ్గని బట్టి ఈస్ట్ అని పోల్చుకున్నాం. బాక్టీరియా సాధారణంగా మధ్యకి అడ్డంగా రెండుగా చీలతాయి.

బూజు, ఈస్ట్ కూడా నిజకేంద్రక జీవులే, మన పక్షమేనంటే ఒకడు చొక్కా చెయ్యి పైకి లాగి మోచేతి దగ్గర తామర చూపించాడు. "ఇది కూడానా మాస్టారూ?" అదీ శిలీంధ్రమే. వాళ్లింట్లో జ్వరానికి వాడి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు వేశారట, తగ్గలేదట. తగ్గదు. ఆ మందులు పనిచేసేది రెండు రకాల కణాల మధ్య తేడా మీదే. పెన్సిలిన్ జాతి మందులు బాక్టీరియా కణకవచంలోని పెప్టిడోగ్లైకాన్ అనే గట్టి అల్లికని కట్టకుండా ఆపుతాయి. మన కణాలకి ఆ కవచమే లేదు కనుక మనకి దెబ్బ తగలదు. టెట్రాసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి బాక్టీరియా రైబోజోముల్ని, అంటే ప్రోటీన్లు తయారుచేసే రేణువుల్ని పట్టుకుంటాయి. అవి 70ఎస్ రకం, కణద్రవ్యంలోని మనవి 80ఎస్ (గిర్రున తిప్పినప్పుడు ఎంత వేగంగా అడుక్కి దిగుతాయో చెప్పే అంకె ఇది). శిలీంధ్రానికి కేంద్రకం దగ్గర్నుంచి రైబోజోము దాకా అన్నీ మనలాంటివే. అందుకే దాన్ని చంపే మందు దొరకడం కష్టం. మనలో కొలెస్టరాల్ చేసే పనిని దాని పొరలో ఎర్గోస్టెరాల్ చేస్తుంది. క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీనే దెబ్బతీస్తాయి. స్టెరాయిడ్ కలిపిన క్రీములు పూస్తే దురద తగ్గినట్టే ఉండి తామర ఇంకా పాకుతుంది. వాడిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని వాళ్లమ్మకి ఫోన్ చేశాను.

70ఎస్, 80ఎస్ అన్నవి పిల్లలకి అంతకుముందు వట్టి అంకెలు. ఆ మోచెయ్యి చూశాక ఎవరూ మర్చిపోలేదు.

మార్చి నాలుగో వారం, అజొల్లా

స్కూలు వెనక పాడి రైతు టార్పాలిన్ గుంటలో అజొల్లా పెంచుతున్నాడు. పేడనీళ్లు, కాస్త సూపర్ ఫాస్ఫేట్, పైన కొబ్బరాకుల నీడ. ఆవులకి తవుడులో కలిపి పెడతాడు. "నూనూ వరిమళ్లో ఏసీవోణ్ణి బాబూ, యూరియా తగ్గుద్దని" అన్నాడు. ఆ యూరియా తగ్గించేది ఎవరో చూద్దామని గుప్పెడు తెచ్చుకున్నాం.

అజొల్లా నీటిమీద తేలే బుల్లి ఫెర్న్. ప్రతి ఆకుకీ రెండు తమ్మెలు, పైతమ్మెలో ఒక గుల్ల. సూదితో ఒక్క ఆకు విడదీసి, నీటిచుక్కలో పెట్టి, కవర్ స్లిప్పు వేసి, పెన్సిల్ వెనక రబ్బరుతో మెల్లగా నొక్కాలి. మొదట పచ్చటి ముద్ద. ఇంకాస్త నొక్కితే ముద్ద అంచున గుల్ల పగిలి, పూసలదండల్లా వంకరటింకర గొలుసులు బయటికి జారాయి. "ఒలమ్మో, పురుగులు!" అని చూస్తున్న పిల్ల వెనక్కి జరిగింది. అవి అనబీనా, నీలి ఆకుపచ్చ బాక్టీరియా.

ఇంతవరకు చూసిన స్లైడులన్నిట్లో ఇదే గొప్పదని నా అభిప్రాయం. రంగు వేయక్కర్లేదు, దీపం అక్కర్లేదు. ఒక పక్క అజొల్లా కణాలు. వాటి పచ్చదనమంతా గింజలు గింజలుగా, గోడ పొడవునా సర్దుకుని ఉంది. అవి హరితరేణువులు. కణం మధ్యంతా ఖాళీగా, తేటగా ఉంది, అక్కడ రిక్తిక అనే నీటిసంచి ఉంటుంది. ఇంకో పక్క అనబీనా పూసలు. వాటిలో గింజల్లేవు, పచ్చదనం పూసంతా పరుచుకుని ఉంది. కాస్త నీలం కలిసిన పచ్చ, ఫైకోసయనిన్ అనే వర్ణకం వల్ల. రెండూ ఎండతో ఆహారం వండుకునేవే. ఒకటి ఆ పనిని పొరతో కప్పిన అంగంలో చేస్తుంది, రెండోది కణద్రవ్యంలోనే పరిచిన పొరల మీద చేస్తుంది. కేంద్రకపూర్వ కణాల్లో లోపల పొరలే ఉండవని కొన్ని గైడ్లలో ఉంటుంది, అది సరికాదు. పొరతో మూసిన గదులు సాధారణంగా ఉండవు అనడం సబబు.

గొలుసులో అక్కడక్కడ కొన్ని పూసలు కాస్త పెద్దవి, పాలిపోయినవి, గోడ దళసరిగా ఉన్నవి. వాటి పేరు హెటిరోసిస్ట్. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి పనికొచ్చేలా మార్చేది అవే. ఆ పనిచేసే నైట్రోజినేజ్ ఎంజైముకి ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. అందుకే ఈ పూసలు ఆక్సిజన్ పుట్టే మెట్టుని తమలో ఆపేసుకుని, మందపాటి గోడ కట్టుకుని కూర్చుంటాయి. తిండి పక్క పూసలు ఇస్తాయి, బదులుగా ఇవి నత్రజని ఇస్తాయి. ప్రొకారియోట్లు ఏకకణ జీవులు, పని విభజన ఉండదు అని రాయించిన నోట్సు పక్కన పిల్లలచేత ఒక ప్రశ్నార్థకం పెట్టించాను.

ఏప్రిల్ మొదటి ఆదివారం, నౌపడ

మొదట ప్రశ్న అడిగిన పెద్దాయన మడికే వెళ్లాం. ఉప్పు తేరుతున్న చివరి మడులలో నీటికి ఎర్రజీర ఉంది. "నీరు ఎర్రగా తిరిగితే ఉప్పు దిగుద్దని మా అయ్య సెప్పీవోడు" అన్నారు. నీరు అంత ముదిరితే గానీ ఆ ఎర్రవి అంతగా పెరగవు. పైగా ఆ ఎరుపు ఎండని ఎక్కువ పీల్చి నీటిని త్వరగా ఆవిరి చేస్తుంది. ముసలాయన మాటలో పస ఉంది.

సీసాలో నీరు తెచ్చి చూశాం. మామూలు నీటితో స్లైడు చేయకూడదు, ఆ మడి నీటితోనే చేయాలి. 45 రెట్లలో సన్నటి పొట్టి కడ్డీలు గుంపులుగా ఉన్నాయి. వాటి మధ్య నారింజ పచ్చ కలిసిన, 10 మైక్రోమీటర్ల పైచిలుకు గుండ్రటివి అటూ ఇటూ ఈదుతున్నాయి. అలాంటి నీటిలో అలా ఈదేది సాధారణంగా డునాలియెల్లా అనే శైవలం. కేంద్రకం, హరితరేణువు, ఈదడానికి కొరడాల్లాంటి రెండు కశాభాలు ఉన్న నిజకేంద్రక జీవి.

తర్వాత కవర్ స్లిప్పు అంచున ఒక చుక్క బోరునీళ్లు పెట్టాం. ఆ అంచు నుంచి కడ్డీలు మాయం కావడం మొదలైంది. కొట్టుకుపోయాయా అంటే, ఈదుతున్నవి, దుమ్ము రేణువులు అక్కడే ఉన్నాయి, కడ్డీలు మాత్రం లేవు. హాలోబాక్టీరియం లాంటి వాటి గోడ ప్రోటీన్ తొడుగు, దాన్ని నిలబెట్టేది ఉప్పే. ఉప్పు పల్చబడితే తొడుగు విడిపోయి కణం చితికిపోతుంది. మా మైక్రోస్కోపు వాటి పేరు చెప్పలేదు గానీ, ముదిరిన ఉప్పునీటిలో ఎర్రరంగుతో ఉండి మంచినీటికి పగిలిపోయేవి ఎక్కువగా ఆ జాతివే.

ఇక్కడే రెండు గడుల పట్టికకి ఇబ్బంది వచ్చిపడింది. చూపుకి ఇవి బాక్టీరియాలాగే ఉంటాయి, కేంద్రకం లేదు, రైబోజోములు 70ఎస్. కానీ 1977లో కార్ల్ వూజ్, జార్జ్ ఫాక్స్ రైబోజోము ఆర్‌ఎన్‌ఏని పోల్చి చూసి ఇవి బాక్టీరియా కావు, వేరే శాఖ అన్నారు. అదే ఆర్కియా. వీటి కవచంలో పెప్టిడోగ్లైకాన్ లేదు, పొరలోని కొవ్వుల అతుకు వేరు. డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏ రాసే యంత్రం అయితే బాక్టీరియా కన్నా మన దానికే దగ్గర. "మరి ఈటిని ఎటు గీయాలి?" అన్నారు పిల్లలు. సైజుని బట్టి బాక్టీరియా పక్కనే, ఎర్ర సుద్దతో గీయమన్నాను.

ఏప్రిల్ రెండో వారం, వరండా

గీత మొదలైంది. ఉల్లి కణం మూడు మీటర్ల పొడవు, తరగతి గుమ్మం నుంచి కిటికీ దాటి పోయింది. బుగ్గ కణం దాదాపు అరవై సెంటీమీటర్లు, కేంద్రకం ఏడు. ఈస్ట్ ఆరు. ఎర్ర రక్తకణం ఏడున్నర. దానికి కేంద్రకం గీయబోతుంటే ఆపాను. మన రక్తకణం తయారయ్యేటప్పుడు కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది, అయినా అది నిజకేంద్రక జీవి కణమే. అనబీనా పూస ఐదు. తరవాణి కడ్డీ ఒక సెంటీమీటరు వెడల్పు కూడా లేదు, పొడవు రెండుమూడు. రైబోజోము అయితే మిల్లీమీటరులో దాదాపు పావు వంతే. సుద్దముక్కతో అది పడదు, సూదిమొనతో పెట్టారు.

మేం చూడలేనివాటిని పుస్తకంలోని కొలతల నుంచి గీశాం. బుగ్గ కణంలో మైటోకాండ్రియా గీసే పని తరవాణి తెచ్చిన అమ్మాయిది. ఒక సెంటీమీటరు వెడల్పు, రెండు పొడవు అని చెప్పాను. రెండుమూడు గీసి ఆగిపోయింది. పక్కనున్న కడ్డీ బాక్టీరియా వైపు చూసి, స్కేలు పెట్టి కొలిచింది. "ఇదీ అదీ ఒక్క సైజే కాదేటి మాస్టారూ?" అంది. అజొల్లా కణం దగ్గరున్నవాళ్లు కూడా అదే పని చేశారు. హరితరేణువు ఐదు సెంటీమీటర్లు, అనబీనా పూస ఐదు సెంటీమీటర్లు.

ఈ ప్రాజెక్టు మొదలుపెట్టింది ఏది పెద్దదో చూపించడానికి. ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. వేర్వేరు కొలతల్లో వేసిన పుస్తకం బొమ్మల్లో ఇది ఎన్నటికీ కనిపించదు.

లిన్ మార్గులిస్ 1967లో, అప్పటికి లిన్ సాగన్ పేరుతో, అచ్చు వేయించిన వ్యాసం ఈ విషయం మీదే. అంతకుముందు చాలా పత్రికలు దాన్ని తిప్పి పంపాయి. మైటోకాండ్రియా ఒకప్పుడు స్వతంత్రంగా బతికిన బాక్టీరియా, హరితరేణువు ఒకప్పటి నీలి ఆకుపచ్చ బాక్టీరియా, రెండూ ఇంకో కణంలో చేరి అక్కడే ఉండిపోయాయి అని ఆవిడ వాదన. ఆధారాలు తర్వాత ఒకటొకటిగా గట్టిపడ్డాయి. ఈ రెండు అంగాలకీ సొంత డీఎన్‌ఏ ఉంది, చాలావరకు బాక్టీరియాలోలాగే వలయంగా. చుట్టూ రెండు పొరలు. రైబోజోములు కణద్రవ్యంలోని 80ఎస్ రకం కావు, బాక్టీరియా వంశానివి. కణం వీటిని కొత్తగా తయారు చేసుకోలేదు, ఉన్నవే రెండుగా చీలాలి. పట్టికలో కుడివైపు ఉన్న రెండు వరుసలు ఎడమవైపు నుంచి వచ్చినవే అన్నమాట. అయితే ఇప్పుడు మైటోకాండ్రియాని బయటికి తీసి పెట్టినా విడిగా బతకలేదు, దాని జన్యువుల్లో చాలా భాగం ఎప్పుడో కేంద్రకంలోకి చేరిపోయాయి.

మరునాడు, దారం

ఈ.కోలై బాక్టీరియా పొడవు 2 మైక్రోమీటర్లు, మా కొలతలో 2 సెంటీమీటర్లు. దాని డీఎన్‌ఏ సాగదీస్తే 1.6 మిల్లీమీటర్లు, మా కొలతలో 16 మీటర్లు. టైలర్ దగ్గర దారం రీలు తెచ్చి వరండాలో 16 మీటర్లు కొలిచి, బాక్టీరియాకి బదులుగా ఒక ఖాళీ మందు గొట్టంలోకి (క్యాప్సూల్) చీపురుపుల్లతో కుక్కమన్నాను. సగం పైచిలుకు పోయాక ఇక దిగలేదు. కారణం దారం మందం. మా కొలత ప్రకారం డీఎన్‌ఏ మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉండాలి, కుట్టు దారం దానికి పదిరెట్లు. అసలు డీఎన్‌ఏ ఆ కణంలో నూటికి ఒక వంతు చోటు కూడా తీసుకోదు. మెలికలు తిరిగి, ప్రోటీన్లతో ముడిపడి ఒకచోట ఉంటుంది, చుట్టూ పొర లేకుండా.

పొర లేకపోవడం వల్ల లాభమూ ఉంది. డీఎన్‌ఏ నుంచి సందేశం రాయడం ఇంకా పూర్తికాకముందే రైబోజోములు దాని మీదికి ఎక్కి ప్రోటీన్ చేయడం మొదలుపెడతాయి. మన కణాల్లో సందేశం కేంద్రకంలో రాయబడి, అనవసరమైన ముక్కలు కత్తిరించబడి, రంధ్రాల గుండా బయటికి వచ్చాక గానీ ఆ పని మొదలవదు. ఈ.కోలై తిండి బాగా దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. దాని డీఎన్‌ఏ నకలు తీయడానికే 40 నిమిషాలు పడుతుంది కదా, అదెలా అంటే, ఒక నకలు సగంలో ఉండగానే తర్వాతి నకలు మొదలుపెట్టేస్తుంది. ఇక మన కణంలో డీఎన్‌ఏ రెండు మీటర్లు. మా కొలతలో 20 కిలోమీటర్లు, బస్సులో అరగంట దారి. అదంతా ఏడు సెంటీమీటర్ల కేంద్రకంలో. దానికి రీలు తెమ్మని ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ మూడో వారం

ఆయమ్మ వరండా ఊడ్వడం మానేసి, "కణాలంట, తొక్కకండి" అని ఆరో తరగతి వాళ్లని కసురుతోంది. అయినా సుద్ద ఎన్నాళ్లో ఆగదు. బడి తెరిచాక జూన్‌లో పెయింటుతో గీయాలి. దాతలు దొరికితే 100 రెట్ల ఆబ్జెక్టివు, ఒక సీసా ఇమ్మర్షన్ ఆయిల్. థర్మోకోల్ మోడళ్లు పారేయలేదు, "ఈ రెండు బొమ్మలూ ఒకే కొలతవి కావు" అని కింద ఒక చీటీ అంటించాం.

ఒక పేచీ మిగిలింది. బాక్టీరియా అంటే చిన్నదే అని గోడమీద రాయబోతుంటే నేనే అడ్డం పడ్డాను. నమీబియా తీరంలో దొరికిన థయోమార్గరీటా నమీబియెన్సిస్ గురించి 1999లో ప్రకటించారు. అది ముప్పావు మిల్లీమీటరు దాకా పెరుగుతుంది, మా కొలతలో ఏడున్నర మీటర్లు, ఉల్లి కణానికి రెండున్నర రెట్లు. లోపల చాలా భాగం నైట్రేటు నిల్వచేసే పెద్ద రిక్తికే, జీవద్రవ్యం అంచున పల్చటి పొర మాత్రమే. 2022లో వెల్లడైన దాని చుట్టం థయోమార్గరీటా మాగ్నిఫికా సగటున దాదాపు ఒక సెంటీమీటరు ఉంటుంది. అంటే వంద మీటర్లు, గేటు దాటి రోడ్డు మీదికి పోతుంది. పైగా దాని డీఎన్‌ఏ పొర కట్టిన చిన్న సంచుల్లో ఉంటుంది. పిల్లలకి ఇది తెగ నచ్చింది. ఏడున్నర మీటర్ల దాన్నయినా పెయింటుతో గీయాలంటే తొమ్మిదో తరగతి ముందు వరండా కూడా కావాలని హెచ్చెమ్ గారికి దరఖాస్తు రాశారు. ఆయన ఇంకా సంతకం పెట్టలేదు.